పిల్లల వరసలో నిలబడ్డ మనిషి

ఆయన పోయిన సంగతి జామెట్రీ బాక్సు కొనడానికి వచ్చిన ఒక రైతు చెప్పాడు.

"మా ఊరాయన, మీ కొట్టుకొచ్చి పిల్లల పుస్తకాలు పట్టుకెళ్ళేవాడు చూడు, ఆయన పోయాడు సాయిబూ. పోయిన వారం. కల్లంలో మిరపకాయలు తిరగేస్తా తిరగేస్తా, కాసేపు కూర్చుంటానని కూర్చున్నాడంట. ఇక లేవలా."

ఆ మాట చెబుతూనే బాక్సు మూత తెరిచి మూసి చూశాడు. మరీ బిగుసుగా ఉంది, ఇంకోటివ్వమన్నాడు. ఇచ్చాను. అతను వెళ్ళాక స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇద్దరు ముగ్గురు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డారు. ఏం కావాలని నేను అడగలేదు. వాళ్ళే చూసి చూసి పక్క కొట్టుకు పోయారు.

ఇన్నేళ్ళలో ఆయన పేరు నేను అడగలేదు. ఆయన నన్ను సాయిబూ అనేవాడు, నేను బాబాయ్ అనేవాణ్ణి. వినుకొండలో మా కొట్టుకు వచ్చే రైతులందరితోనూ నాకు ఇట్లాంటి వరసే. పేరుతో పని పడలేదు.

ఆయన సంగతి చెప్పాలంటే ముందు గాజుకోట సంగతి చెప్పాలి. మాది బస్టాండు పక్కన బడి పుస్తకాల కొట్టు. మా నాన్న పలకలూ బలపాలతో మొదలుపెట్టాడు. జూన్, జూలై దాటాయంటే ఏడాదంతా పెన్నులూ అట్టలూ అమ్ముకోవడమే. కథల పుస్తకాలకి ఒక అర ఉండేది గానీ దాని ముందు ఎవరూ ఆగేవారు కాదు. రాష్ట్రం రెండు ముక్కలవడానికి కొన్నేళ్ళ ముందు ఆ అరలోకి గాజుకోట మొదటి భాగం వచ్చింది. కిన్నెర అనే పిల్ల కథ. ఆ పిల్ల వెళ్ళిన దేశంలో మాటలదొంగ అనే మాంత్రికుడుంటాడు. మనుషుల మాటలు దొంగిలించి గాజుబుడ్లలో దాచుకుంటాడు. మాట పోయినవాళ్ళు పిట్టలైపోయి వాడి కోట చుట్టూ తిరుగుతుంటారు.

మొదటి భాగం నాలుగు నెలలు కదల్లేదు. తర్వాత ఏమైందో, ఏ పిల్ల ఏ పిల్లకి చెప్పిందో, ఒక్కసారిగా అంటుకుంది. కొత్త భాగం వస్తుందంటే పొద్దున్నే కొట్టు ముందు యూనిఫారాలతో వరస కట్టేవారు. బడిలో ఒకడు "నీ మాట దొంగిలించా" అన్నాడంటే, రెండోవాడు, మొదటివాడు మళ్ళీ విడిచిపెట్టేదాకా నోరు తెరవకూడదు, చేతులు రెక్కల్లా ఆడించాలి. పాఠం అడిగితే లేచి చేతులాడిస్తున్నాడని ఒక టీచరమ్మ నా మీదకు పోట్లాటకొచ్చింది. నేనూ చదివాను. మొదటిది అమ్మేవాణ్ణి గనక చదివాను. రెండోదానికి మాత్రం పార్సిలు ఎప్పుడొస్తుందా అని నేనే లారీ ఆఫీసు చుట్టూ తిరిగాను.

ఆయన మొదటిసారి వచ్చింది మూడో భాగం వచ్చిన తర్వాత. కాయ కోతల రోజులు. చెప్పులు మెట్టు కింద విడిచి లోపలికి వచ్చాడు. కొట్లోకి చెప్పులతో రావచ్చని చెప్పినా వినలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ వినలేదు. ఎత్తైన మనిషి. చొక్కా భుజాల మీద ఎర్రటి పొడి. చేతిలో కవరు, కవర్లో మూడో భాగం. దాన్ని నాకివ్వకుండా తనే పట్టుకుని అట్ట చూపించాడు.

"ఇది అయిపోయినాక వచ్చేది కావాల."

"ఇంకా రాలేదు బాబాయ్. రాగానే చెబుతా. అమ్మాయికా, అబ్బాయికా?"

"అమ్మాయికి."

"బాగా చదువుతుందా?"

"చదివేది."

నాకు వెలగలేదు. పరీక్షలని మానేసిందా అని నవ్వుతూ అడిగాను. ఆయన అర వంక చూస్తూ చెప్పాడు. "పిల్ల లేదు సాయిబూ. వానల్లో జొరమొచ్చింది. గుంటూరు తీసుకెళ్ళాం. తీసుకొచ్చాం."

ఆయనకి నేనేమన్నా అనాలన్న ధ్యాస కూడా లేదు. "అయితే ఎప్పుడొస్తదంటావు?" అన్నాడు. దసరా తర్వాత రావచ్చన్నాను. మెట్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఈ పుస్తకాలు ఎన్నాళ్ళుంటయ్యి?"

"ఎన్ని కావాలంటే అన్ని తెప్పిస్తాను."

"అది కాదయ్యా. పిల్లలు ఎన్నాళ్ళు చదువుతారంటావని."

"ఎన్నాళ్ళేంటి బాబాయ్! మన పిల్లల పిల్లలు కూడా చదువుతారు ఇవి."

కొట్టు పెట్టుకున్నవాడు ఏ సరుకు గురించైనా అనే మాటే అది. ఆయన మాత్రం డాక్టరు మాట విన్నట్టు విని, తలూపి వెళ్ళాడు.

దసరా తర్వాత నాలుగో భాగం వచ్చిన రోజున పిల్లల వరసలో ఆయన నిలబడి ఉన్నాడు. వరస మధ్యలో తల ఒకటి పైకి కనిపిస్తోంది. ముందుకు రమ్మని సైగ చేశాను, రాలేదు. వెనకొచ్చిన పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే ముందుకు పంపి, అందరికీ అయ్యాక ఆఖరున వచ్చాడు. భుజం మీది తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకుని, అప్పుడు పుస్తకం అందుకున్నాడు. మిరపకాయ పట్టిన చేతులు ఎంత కడిగినా మంట పోదు, పుస్తకానికి అంటితే పిల్లల కళ్ళలో పడుతుందని ఆయన భయం. ఆ పుస్తకం ఏ పిల్లల కళ్ళముందుకు పోతుందని నేను అడగలేదు.

ఆయన చదువు అయిదో తరగతి దగ్గర ఆగింది. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేవాడు. ఒక భాగం పూర్తవడానికి ఒక పైరుకాలం పట్టేది. సంతకో, పురుగుమందుకో వినుకొండ వచ్చినప్పుడల్లా మా కొట్టులో ఆగి, అప్పటిదాకా చదివింది నాకు చెప్పేవాడు. కథ చెబుతున్నట్టు ఉండేది కాదు, పక్క ఊళ్ళో గొడవ చెబుతున్నట్టుండేది. "ఆ పిల్ల మొండిదయ్యా. వద్దంటే వినదు, పోయి ఆ బుడ్డి పట్టుకుంది" అనేవాడు. నేను ముందు జరగబోయేది నోరు జారితే కోపం. "చెప్పమాక. నువ్వు చెప్పమాక" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు.

కొట్టుకొచ్చిన పిల్లల్ని మాత్రం వదిలేవాడు కాదు. "ఏమ్మా, ఎక్కడిదాకా వచ్చావు?" అని పలకరించేవాడు. ఆ పిల్ల ఉత్సాహంగా మొదలుపెడితే కదలకుండా వినేవాడు. నీకు ఎవరు ఇష్టం, ఎక్కడ భయమేసింది, ఎక్కడ నవ్వొచ్చింది. పిల్లలకి ఆయనంటే సరదా. పెద్దవాడెవరూ వాళ్ళనట్లా అడిగి ఉండరు. గాజుకోట తాత అని పేరు పెట్టారు. ఆయనకి అప్పటికింకా తాత వయసు రాలేదు. వాళ్ళు గోలగోలగా చెప్పి వెళ్ళిపోయాక కాసేపు అట్లాగే నిలబడి, "ఇట్టాగే చెప్పుంటది" అనేవాడు.

ఆ మాటకు అర్థం నాకు ఒక వానరోజు తెలిసింది. బస్సు రాక, వాన తగ్గక, మధ్యాహ్నం కొట్టులోనే చిక్కుకుపోయాడు. టీ తెప్పించాను. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, తాగకుండా చెప్పాడు.

"బడి నుంచి బండి మీద తీసుకొచ్చేవాణ్ణి పిల్లని. వెనక కూర్చుని ఒకటే మాట్లాడేది. ఈ కథే. ఊరు వచ్చేదాకా ఆపేది కాదు. వాడిట్టా అన్నాడు నాన్నా, అదిట్టా చేసింది నాన్నా అని. నేనేమో పత్తి సంగతి ఆలోచించుకుంటా, కూలోళ్ళ సంగతి ఆలోచించుకుంటా తోలేవాణ్ణి. మూడు పుస్తకాలు చెప్పిందయ్యా నాకు. మూడు పుస్తకాలు! ఒక్క ముక్క గుర్తులేదు."

"చిన్నపిల్లల మాటలు ఎవరం మాత్రం..." అని ఏదో అనబోయాను.

"నువ్వూరుకో. అందుకే చదువుతున్నా. ఇందులో ఉన్నయ్యన్నీ అది చెప్పినయ్యేగదా. చదువుతుంటే ఎక్కడన్నా, ఆఁ, ఇది చెప్పింది అని తగులుద్దేమోనని చూస్తన్నా."

"తగిలిందా?"

"ఒకటి తగిలింది. ఒంటికన్ను కాపలావాడున్నాడు చూడు, కోట తలుపు కాడ. మూడో దాంట్లో ఆ పిల్లని పట్టిస్తాడే. వాడు. ఒకరోజు బండి దిగి గేటు తీస్తా అంది. 'నాన్నా, వాడు దొంగ కాదు నాన్నా. అందరూ తప్పనుకుంటన్నారు. చూస్తా ఉండు, చివర్లో తెలుస్తది' అంది. గేటు గొళ్ళెం రాక నేను దిగి తీశాను, అందుకని గుర్తుంది. అదొక్కటే."

ఇంట్లో ఎవరితోనన్నా ఈ పుస్తకాల గురించి మాట్లాడతావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పెద్దకొడుక్కి పట్టదట. భార్య ఆ ఊసెత్తితేనే లేచి అవతలికి పోతుందట.

ఆ రోజు నుంచి ఆయన కోసం నేనూ ఆ కాపలావాడి గురించి ఎదురుచూశాను. అయిదో భాగంలో వాడు కనిపించలేదు. ఆరో భాగంలో ఒకచోట కిన్నెర దాక్కున్న గది తలుపు ముందు ఆగి, లోపలికి చూడకుండా వెళ్ళిపోతాడు. అది చదివి ఆయన ప్రత్యేకంగా బస్సెక్కి వచ్చాడు. ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. "చూశావా? పిల్ల లోపలుందని తెలిసి కూడా ఒదిలేశాడు. అది చెప్పిందా లేదా?" అన్నాడు. కొట్లో ఉన్న పిల్లలు ఇది విని రెండు జట్లుగా విడిపోయారు. వాడు మంచివాడని కొందరు, కాదని కొందరు. కాదన్న పిల్లవాడితో ఆయన సమానంగా వాదం వేసుకున్నాడు. "ఒరేయ్, నీకేం తెలుసురా, మా అమ్మాయి చెప్పింది" అన్నాడు. "మీ అమ్మాయి ఏ బడి?" అని వాడు అడిగాడు. నేను వాడికి చాక్లెట్ ఇచ్చి పంపేశాను.

ఆఖరి భాగం వచ్చింది. నేను ఆయనకంటే ముందే చదివాను. చదివి, ఆయన ఈసారి రాకపోతే బాగుండుననుకున్నాను. వచ్చాడు, అదే వరసలో, ఆఖరున. చేతులు తుడుచుకున్నాడు. ఇస్తున్నప్పుడు నా ముఖంలో ఏం కనిపించిందో, "చెప్పమాక" అన్నాడు.

ఈసారి పైరుకాలం పట్టలేదు. నెల తిరక్కుండానే వచ్చి, పుస్తకం కౌంటరు మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంతకు ముందెప్పుడూ ఆయన కూర్చోలేదు, చోటు చూపించినా నిలబడే ఉండేవాడు. గడ్డం మాసి ఉంది.

"వాడు దొంగేనయ్యా."

"అవును బాబాయ్."

"ఆ రోజు తలుపు తియ్యకుండా పోయింది కూడా, ఇంకా మంది చిక్కుతారని కాచుకోను పోయాడంట. చచ్చేప్పుడు కూడా ఆ పిల్ల మొహాన ఉమ్మేసి చచ్చాడు. ఎందుకు రాశాడయ్యా అట్టా, రాసినాయన?"

కథగా చూస్తే అది బాగానే ఉంది. అంతా వాడు మంచివాడని తేలుతుందని ఎదురుచూస్తారు గనక అలా రాశాడేమో. ఆ మాట ఆయనతో ఎలా అంటాను?

"ఏడో తరగతి పిల్ల" అన్నాడు ఆయన. "మంచోడనుకుంది. అట్టా అనుకునే పోయింది."

నేనన్నాను: "ఉండుంటే ఈ ముగింపు చూసి ఊరుకునేది కాదు బాబాయ్. పెద్ద గొడవ పెట్టేది."

ఆయన తలెత్తి నా వంక చూశాడు. "పెట్టేది. అన్నం మానేసేది. మీరంతా ఇంతే అని నా మీదకొచ్చేది." అంటూనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బయట ఎవరో గమ్ సీసా అడుగుతున్నారు. లేదని చెప్పి షట్టరు సగం దించాను.

ఇక రాడనుకున్నాను. కథ అయిపోయింది, ఏం పని? కానీ వచ్చేవాడు. కథ గురించి కాదు, పిల్లల గురించి అడగడానికి. "తీసుకెళ్తన్నారా? ఎవరన్నా అడిగారా ఈమధ్య?" అన్నదే ప్రశ్న. మొదట్లో గర్వంగా చెప్పేవాణ్ణి. తర్వాత కొంచెం కలిపి చెప్పడం మొదలుపెట్టాను. రాష్ట్రం విడిపోయింది, రాజధాని వస్తుందన్నారు, ఈ మెయిన్ రోడ్డు మీద పాత కొట్లు పోయి సెల్‌ఫోన్ షాపులు వచ్చాయి. మొదట గాజుకోట చదివిన పిల్లలు ఇంజనీరింగు కాలేజీలకు పోయారు. వాళ్ళ తర్వాత పిల్లలకు ఆ పేరు తెలుసు గానీ పుస్తకం అక్కర్లేదు. ఆ తర్వాతివాళ్ళకు పేరు కూడా తెలియదు. "నీ మాట దొంగిలించా" ఆట ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించనే లేదు.

ఆయన ఊరి బడికి ఏడు భాగాలూ కొని ఇచ్చాడు. మరుసటి ఏడాది పిల్లలు ఎంతవరకు వచ్చారో చూద్దామని వెళ్ళాడట. పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, అట్టలు వేసి, నంబర్లు వేసి. బీరువాకు తాళం ఉంది. ఆ జరిగింది నాకు చెబుతూ హెడ్మాస్టరు గొంతు కూడా తనే పలికాడు.

"పిల్లలకిస్తే చింపేస్తారండీ. మీరిచ్చినవి జాగ్రత్తగా ఉంచాలి గదా అని దాచాం."

"చింపనియ్యండి అన్నాను నేను. చినిగేదాకా చదివితే నాకు అంతే చాలన్నా. ఆయన నవ్వాడయ్యా. దండం పెట్టి టీ ఇప్పించాడు."

తాళం తీయించలేకపోయాడు. ఇచ్చిన పుస్తకాల్ని వెనక్కి అడగడానికి మొహం చెల్లలేదు. మళ్ళీ ఒక జత కొని, ఊళ్ళో పిల్లలున్న ఇళ్ళకు తనే పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఆ ఇళ్ళవాళ్ళు మర్యాదగా తీసుకున్నారు. కొన్నాళ్ళకు ఆయన కనిపిస్తే పిల్లలు పక్క సందులోకి తప్పుకోవడం మొదలుపెట్టారు. ఎక్కడిదాకా వచ్చావని అడుగుతాడని. ఒకప్పుడు ఆ ప్రశ్న కోసం ఎగబడిన పిల్లల్ని చూసినవాణ్ణి నేను. ఇది ఆయనే చెప్పాడు, ఫిర్యాదులా కాదు. "నన్ను చూసి దాక్కుంటన్నారయ్యా" అన్నాడు.

ఇక ఆయన ఆశంతా మనవరాలి మీదకు మళ్ళింది. పెద్దకొడుకు గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు, అతని కూతురు. ఆ పిల్ల చదివే వయసుకు రావడం కోసం ఆయన కాచుకున్నాడు. అయిదో తరగతి సెలవులకు వచ్చినప్పుడు నా కొట్టుకు తీసుకొచ్చాడు. చురుకైన పిల్ల. జీన్సు ప్యాంటూ, చేతికి రంగుల వాచీ. నేను మొదటి భాగం తీసి ఇచ్చాను. ఆయన నా వంక చూశాడు, పిల్ల వంక చూశాడు.

"చదువు తల్లీ. మొదటి పేజీ."

పిల్ల పుస్తకం తెరిచింది. "కి... కిన్... నె..." అని ఆగింది. ఒత్తు దగ్గర వేలు పెట్టి నా వంక చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఒక వాక్యానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆయన పెదాలు పిల్ల పెదాలతో పాటు కదులుతున్నాయి. వాక్యం పూర్తయ్యాక పిల్ల పుస్తకం మూసి, "తాతయ్యా, ఇది ఇంగ్లీష్‌లో లేదా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను నేను.

"మాకు తెలుగు సెకండ్ లాంగ్వేజ్ అంకుల్. పద్యాలు బట్టీ పడతాం" అంది పిల్ల. ఆ గొంతులో పొగరేమీ లేదు. కష్టం చెప్పుకున్నట్టు చెప్పింది.

"నేను చదివి వినిపిస్తాలే" అన్నాడు ఆయన. చదివాడట కూడా. కానీ అప్పటికే ఆయన కళ్ళకు మసకలు కమ్మాయి, కల్లంలో ఘాటుకు దగ్గు ముదిరింది. వాక్యానికి ఒకసారి దగ్గు. పిల్ల వింది. మర్యాదగల పిల్ల. రెండో రోజు మధ్యలో, "తాతయ్యా, మీకు దగ్గొస్తుంది గదా, వద్దులే" అని ఆయన చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసి పక్కన పెట్టి, ఫోను చూసుకుందట. అందులో ఏదో రాక్షసుల బొమ్మలకథ. ఆయన పక్కన కూర్చుని తనూ చూశాడు. "బానే ఉందయ్యా అదీ. కొండలూ అయ్యీ బాగా కట్టారు. ఏం మాట్లాడతన్నారో నాకు తెలవలా" అన్నాడు నాతో.

ఆయన ఆఖరిసారి వచ్చింది నిరుడు. బాగా తగ్గిపోయాడు. మెట్టెక్కడానికి తలుపు పట్టుకున్నాడు. చెప్పులు మాత్రం కిందే. ఆ మధ్యనే గాజుకోట వేసినవాళ్ళు ఇక మళ్ళీ అచ్చు వెయ్యడం లేదని ఫోన్లో చెప్పారు. పుస్తకాల అరలో ఇప్పుడు పోటీ పరీక్షల గైడ్లున్నాయి. ఆయన ఆ అర వంక చూశాడు.

"సాయిబూ, నువ్వెప్పుడూ నాకు కలిపి చెబుతావని నాకు తెలుసులే. ఇయ్యాళ నిజం చెప్పు. ఎవరన్నా అడుగుతున్నారా?"

"లేదు బాబాయ్. మూడేళ్ళయింది. అచ్చు కూడా ఆపేశారు."

ఆయన తల పంకించి రోడ్డు వంక చూశాడు. గుంటూరు మార్కెట్ యార్డుకు పోయే మిరపకాయల లారీ ఒకటి ట్రాఫిక్‌లో ఆగి ఉంది. కొట్టులోకి ఘాటు వచ్చి ఇద్దరం తుమ్మాం.

"అయితే ఇప్పుడు చదివినోళ్ళు ఎంతమంది ఉన్నారో అంతే. వాళ్ళున్నన్నాళ్ళూ ఉంటది. వాళ్ళతో పోద్ది."

"అంతే అనుకుంటా."

"మా అమ్మాయి ఈడు వాళ్ళు. ముప్పయ్యేళ్ళు ఉంటయ్యేమో ఇప్పుడు. ఇంకా నలభై, యాభై ఏళ్ళుంటారు." తనకు తనే లెక్క సరిచూసుకున్నట్టు వేళ్ళు ముడిచాడు. "నాకంటే ఎక్కువే ఉంటదిలే."

అని లేచి వెళ్ళిపోయాడు.

జామెట్రీ బాక్సు రైతు చెప్పిన రెండు రోజులకు ఆ ఊరు వెళ్ళాను. ఆటో దిగిన దగ్గర్నుంచీ రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. అంత ఎరుపు మధ్య నడుస్తుంటే కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. ఎదురైనవాళ్ళు ఏడుస్తున్నాననుకుని పక్కకు తప్పుకున్నారు. ఇంట్లో బంధువులు పలచబడ్డారు. కొడుకు కుర్చీ వేశాడు. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టి, లోపలికి వెళ్ళి ఒక సంచీ తెచ్చి నా ముందు పెట్టాడు. ఏడు భాగాలు. మూడో దాని అట్ట వెలిసిపోయింది.

"మీకు పనికొస్తే తీసుకెళ్ళండి. మా పాప చదవదు. ఇక్కడుంటే చెదలు పట్టేస్తయ్యి."

"అక్కడ పెట్టరా వాటిని" అన్న మాట వసారాలోంచి వినపడింది.

ఆయన భార్య. వసారా చివర చాప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఇంట్లో చావు జరిగినా కాయ ఆగదు. నేను దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టాను. "కూర్చో అబ్బాయ్" అని చాప చివర చూపించింది. చేతులు ఆగలేదు.

"ఆయన నీ కాడికి వచ్చేవాడంటగా."

"వచ్చేవాడు పిన్నీ."

"నాకు చదువు రాదు. ఆయనకి ఆ పుస్తకాలు కావాల్సొచ్చినయ్. పిల్ల ఏం తిన్నదో, ఏ వైపు తిరిగి పడుకునేదో ఆయనకి తెలవదు. నాకు తెలుసు. నాకెందుకు పుస్తకాలు?" కాస్సేపు తొడిమలు తుంచింది. "ఆ మాట ఆయన్తో అన్నాను ఒకసారి. అనకుండా ఉండాల్సింది."

కొడుకు సంచీ గోడవారగా పెట్టి లోపలికి వెళ్ళాడు. నేనింక లేవబోతుంటే ఆమె అంది.

"ఏముందయ్యా అందులో? ఇన్నేళ్ళు ఇంట్లో ఉంది. పిల్ల వాళ్ళ నాన్నకి చెప్పింది. ఆయన ఊరందరికీ చెప్పాడు. నాకెవరూ చెప్పలా. నేనడగలా. నువ్వు చదివావా?"

"చదివాను."

"మొదట్నించీ చెప్పు."

నేను మళ్ళీ కూర్చున్నాను. వందలమంది పిల్లలకు అమ్మినవాణ్ణి, ఒక్కరికీ చెప్పినవాణ్ణి కాదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి పుస్తకం మొదలైనట్టే మొదలుపెట్టాను. ఒక ఊళ్ళో కిన్నెర అనే పిల్ల ఉంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అందరూ నిద్రపోతుండగా, ఊరి చివర పాడుబడ్డ బావిలోంచి ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది. పిల్ల వెళ్ళి తొంగి చూసింది. బావి అడుగున నీళ్ళకు బదులు ఆకాశం కనిపించింది. పిల్ల ఒక్కొక్క మెట్టే దిగింది. దిగిన కొద్దీ పైన వెలుగు చిన్నదైపోయింది. కిందికి చేరి చూస్తే అది వేరే దేశం, దూరంగా గాజుకోట మెరుస్తోంది. కిన్నెర ఆ వైపు నడవడం మొదలుపెట్టింది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"వాళ్ళమ్మ ఎతకలేదా?"

ఏడు భాగాలూ మనసులో తిరగేశాను. కిన్నెర తల్లి గురించి ఒక్క వాక్యం కూడా ఎక్కడా లేదు.

"పుస్తకంలో ఆ సంగతి లేదు పిన్నీ."

"పిల్ల బావిలోకి పోతే తల్లి ఎతక్కుండా ఉంటదా?" ఆమె నా వంక చూసింది. నా మీద కోపం లేదు, నిజంగానే అడుగుతోంది. "ఆ బావి కాడికి పోయి పిలవదా?"

ఆమె కాసేపు ఎదురుచూసింది. ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళో పోసుకుంది.

"సరే, చెప్పు" అంది. "ఆ పిల్ల ఎటు పోయింది?"